మొహరు వేసిన కాగితం

తాండూరు
12 జూన్ 1955

లూదియా,

నువ్వు పంపిన బుట్ట నిన్న సాయంత్రం ప్యాసింజరులో దిగింది. మా పొలం చూసుకునే కిష్టప్ప దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ధారూరు దాటకముందే ధోవతి తడిసిందట. అయినా తిట్టలేదు. దానితో కన్నడంలో మాట్లాడుతున్నాడు. 'బా ఇల్లి' అంటే పరుగెత్తుకొస్తుంది. నేను తెలుగులో పిలిస్తే చెవులు ఎత్తి చూసి, మళ్లీ పడుకుంటుంది.

పేరు కామా అని పెట్టాను. దాని తోక చూశావు కదా. కాన్వెంటులో సిస్టరు మన వ్యాసాల్లో ఎర్రసిరాతో పెట్టే కామా అచ్చం అలాగే ఉండేది. అమ్మకు చెబితే, "గదేం పేరే? నలుగుర్ల పిలిచే పేరేనా?" అన్నది. కిష్టప్ప దాన్ని కామయ్య చేశాడు.

ఇంట్లో ఒక చిక్కు ఉంది. యాలాల్‌లో మా మేనత్త కొడుకు పిచ్చికుక్క కరిచి పోయి రెండేళ్లు కాలేదు. చివరి రోజుల్లో నీళ్ల చెంబు చూస్తేనే అరిచేవాడట. అప్పుడు నాయన అక్కడే ఉన్నాడు. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నిన్న బుట్ట చూసి ఒక్క మాట అన్నాడు: "సూది పడ్డంకనే అది ఇంట్లకొస్తది. అందాక కొట్టంల ఉండనియ్యి. పడలేదనుకో, యాడికెళ్లి అచ్చిందో గాడికే పోతది."

ఇక్కడ కుక్కల సూది లేదు. మీ నాయన పశువుల దవాఖానలో కంపౌండరు కాబట్టి నాకు ధైర్యం. ఎప్పుడు, ఎట్లా పంపాలో రాయి.

ఈ ఇంట్లో నాతో పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు లేరు. కామాకు చదివి వినిపిస్తున్నాను. రెండో పేజీకి నిద్రపోతుంది.

మనోరమ

*

వికారాబాదు
19 జూన్ 1955

కామా వాళ్లమ్మకు,

మా తెల్లకుక్కకు నలుగురు పిల్లలు పుడితే, అందరికంటే సోమరిదాన్ని ఏరి నీకు పంపాను. నీకు తగిన తోడు. ఇద్దరూ మూల దొరికితే చాలు, లేవరు.

నాయనను అడిగాను. మూడు నెలలు నిండాకే వేయాలట. అంటే జూలై మొదటి వారం. ఆ మందు హైదరాబాదు నుంచి మంచులో పెట్టి తెస్తారు. ఎన్ని కుక్కలుంటే అంతే తెప్పిస్తారు, ఎక్కువ రాదు. నీ కామా కోసం నాయన పేరు రాసి పెట్టాడు. ఏడో తారీకున కిష్టప్పతో పంపు. పొద్దుటి బండికి వచ్చి, సాయంత్రం బండికి పోవచ్చు.

నా సంగతి. నర్సు ట్రైనింగుకు దరఖాస్తు నింపాను. ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు కావాలి. ఒకటి మా పాస్టరు గారు చేశారు. రెండోది ఆఫీసరు హోదా ఉన్నవాళ్లది కావాలట. నాయనను అడిగితే, "నేను ఎవ్వలను అడగ బిడ్డా" అన్నాడు. ఎద్దులు సంతకం చేసేటట్టుంటే అడిగేవాడు.

సీటు రాకపోతే ఈ వాకిట్లో పేడ ఎత్తుతూ ముసలిదాన్నవుతాను. అప్పుడు నువ్వు నాకు పుస్తకం చదివి వినిపించు. నేను రెండో పేజీ దాకా మేలుకుంటాను.

నీ
లూదియ

*

వికారాబాదు
7 జూలై 1955
(కిష్టప్ప చేతికి)

మనోరమా,

బండి వేళయింది. రెండు ముక్కలు. టీకా అయింది. కాగితం లోపల పెట్టాను. ఉర్దూలో ఉంది, మా నాయన రాసింది. మందు వేశారనీ ఏడాది వరకు భయం లేదనీ ఉంది. మీ నాయనకు కింద గుద్దిన మొహరు చూపించు.

లూదియ

*

తాండూరు
10 జూలై 1955

లూదియా,

కామా ఇంట్లోకి వచ్చింది. ఇప్పుడు నా మంచం కింద ఉంది.

కిష్టప్ప వచ్చీరాగానే నాయన అడిగాడు, "సూది పడ్డదా?" అని. కిష్టప్ప అన్నాడు: "పడ్డది పటేలా. ఆ బిడ్డ లోపల్కి తీస్కపోయింది. నేను బైట గద్దె మీద కూసున్న. జరసేపటికి కుయ్యిమని ఒక్కటే అర్సుడు. నా పానం జల్లుమన్నది. గప్పుడు సమజైంది, పడ్డదని."

నాయనకు సంతకం దాటి చదువు లేదని నీకు తెలుసు. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఊదారంగు మొహరు మీద బొటనవేలు పెట్టి చూసి, నాకు ఇచ్చేశాడు. "పైలంగ పెట్టు" అన్నాడు. నేను ఇనప్పెట్టెలో, నా సర్టిఫికెట్ల పక్కన పెట్టాను. కామా కూడా ఏదో పరీక్ష పాసయినట్టుంది.

ఆ అక్షరాలు చూస్తుంటే మన కాన్వెంటు రోజులు గుర్తొచ్చాయి. హైదరాబాదు నగరంలో బస్సు బోర్డులన్నీ ఉర్దూలోనే ఉండేవి. నువ్వు చదివి, "ఇదే మనది, ఎక్కు" అంటే నేను ఎక్కేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు బస్సు ఎక్కించలేదు.

ఒక సంగతి. కామా కుడి చెవి ముట్టనివ్వడం లేదు. చేయి దగ్గరికి పోతే తల లాక్కుంటుంది. సూది చెవి దగ్గర వేస్తారా? వాచిందేమోనని చూశాను, వాపు లేదు.

మీ నాయనకు నా నమస్కారాలు చెప్పు. మా కందిపప్పు రెండు శేర్లు కిష్టప్ప ఈసారి వచ్చినప్పుడు తెస్తాడు.

మనోరమ

*

వికారాబాదు
20 జూలై 1955

మనోరమా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. ఇక్కడ వాన. పశువులకు గొంతువాపు. నాయన ఊళ్ల మీదనే ఉంటున్నాడు.

సూది మెడ దగ్గర వేస్తారు. చెవి అదే తగ్గుతుంది.

నా సీటు ఖాయమయ్యేటట్టుంది. రెండో సంతకం దొరికింది. ఇక్కడి పెద్ద ఆఫీసరు గారి భార్య వాళ్లాయనతో చేయించింది. జనవరిలో చేరాలి.

ఇంకొకటి. కామాను మళ్లీ ఒకసారి పంపగలవా? ఈ నెలలోపు అయితే మంచిది. రెండో సూది వేస్తే ఇంకా బలం అంటున్నారు. వచ్చేటప్పుడు ఆ కాగితం కూడా పంపు. రిజిస్టరులో ఎక్కించాలట. మరచిపోకు.

పప్పు వద్దు.

లూదియ

*

తాండూరు
28 జూలై 1955

లూదియా,

నీ సీటు సంగతి చదివి, కామాను ఎత్తుకుని వాకిలంతా తిరిగాను. అమ్మ, "పిల్లకు గాలి సోకిందా?" అన్నది. నువ్వు తెల్ల టోపీ పెట్టుకుంటే ఎట్లా ఉంటావో ఊహించుకుంటున్నాను. నీ జుట్టు ఆగదు, టోపీ జారిపోతుంది.

రెండో సూది మాట నాయనతో అన్నాను. "ఏడాది దాంక ఫికర్ లేదని ఆ పిల్లనే రాసింది గద" అన్నాడు. జొన్న చేలు కలుపు మీద ఉన్నాయి, కిష్టప్పను ఒక పూట కూడా వదలడం కుదరదట. నేను ఒంటరిగా బండి ఎక్కుతానంటే ఇంట్లో ఒప్పుకోరు. అడగడానికి నాకూ నోరు రాలేదు. నువ్వు ఏడాది అన్నావు, నాకు అది చాలు.

కాగితం పంపను. అది కామా ఇంట్లో ఉండడానికి పట్టా. రిజిస్టరుకు మీ నాయన దగ్గర ఇంకొకటి రాసుకోమను.

ఉత్తరం ఎందుకో పొట్టిగా రాశావు. వంట్లో బాగుందా?

మనోరమ

*

తాండూరు
13 సెప్టెంబరు 1955

లూదియా,

తొందరలో రాస్తున్నాను. అక్షరాలు చూసి ఏమీ అనుకోకు.

నిన్న మధ్యాహ్నం పసుపురంగు కుక్క ఒకటి స్టేషను వైపు నుంచి వచ్చింది. తల వేలాడేసుకుని, ఎటూ చూడకుండా, తిన్నగా మా వాకిట్లోకి వచ్చింది. అరవలేదు. కామా ఆటకు పిలిచినట్టు ఎదురుపోయింది. భుజం మీద పట్టింది. కిష్టప్ప కట్టె విసిరితే వదిలి, వచ్చినంత తిన్నగా పోయింది. రైలు గేటు దగ్గర నలుగురు కలిసి చంపారు. పిచ్చిదే అన్నారు.

నాయన గడ్డపారతో వచ్చాడు. కామా నా వెనక ఉంది.

"జరుగు బిడ్డా."

"జరగను. దానికి సూది పడ్డది."

"పడ్డదని ఎవలు జెప్పిన్రు?"

"లూదియ."

"లూదియ ఏమన్న డాక్టరా?"

నేను నాయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఇంట్లోకి పరుగెత్తి కాగితం తెచ్చాను. నాయన గడ్డపార గోడకు ఆనించి, చేయి ధోవతికి తుడుచుకుని, కాగితం పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆయన ఏం చూస్తున్నాడో నాకు తెలుసు. మొహరు.

"సర్కారు మొహర్ అబద్ధమాడది గద?" అని నన్నే అడిగాడు.

"ఆడదు."

"నీ జత్తెకత్తె మాట మీద ఇడుస్తున్న. యాద్ పెట్టుకో."

గాయం సబ్బునీళ్లతో కడిగాను. కొట్టంలో గొలుసుతో కట్టేశాం. నువ్వు లేకపోతే ఈ రోజు కామా లేదు. ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

మనోరమ

*

వికారాబాదు
16 సెప్టెంబరు 1955

మనోరమా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నేను చెప్పేది కోపం తెచ్చుకోకుండా చదువు.

టీకా ఒక్కోసారి కొన్ని కుక్కలకు పట్టదు. మందు మంచులో సరిగా ఉండకపోయినా పనిచేయదు. నాయనే అంటుంటాడు. కాబట్టి కామాను నమ్మకు. దాని దగ్గరికి పోకు. అన్నం కిష్టప్పను దూరం నుంచి తోయమను. దాని నోటి తడి నీకు తగలనివ్వకు.

మీ నాయన పెద్దవాడు. ఆయనకు ఎట్లా తోస్తే అట్లా చేయనివ్వు. నువ్వు అడ్డం పోకు. ఇంకో పిల్లను నేను ఇస్తాను.

ఇంతకంటే రాయలేను.

లూదియ

*

తాండూరు
22 సెప్టెంబరు 1955

లూదియా,

నువ్వు ఇచ్చిన దాన్ని చంపనివ్వమని నువ్వే రాశావు. నాలుగుసార్లు చదివాను, నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని.

జూలైలో 'భయం లేదు' అన్నావు. ఇప్పుడు 'నమ్మకు' అంటున్నావు. నర్సు కాకముందే భయపెట్టడం నేర్చుకున్నావా?

కామా గాయం మానింది. తింటోంది. నన్ను చూసి తోక ఆడిస్తుంది. నేను నీ మొదటి మాటనే నమ్ముతాను.

మనోరమ

*

తాండూరు
18 అక్టోబరు 1955

లూదియా,

పోయిన ఉత్తరంలో కటువుగా రాశాను. మనసులో పెట్టుకోకు. నువ్వు జవాబు రాయకపోయేసరికి అదే ఆలోచన.

మీ నాయనను అడిగి ఒక సంగతి తొందరగా రాయాలి. కామా రెండు రోజులుగా తినడం లేదు. నోరు మూతపడటం లేదు. కింది దవడ వేలాడుతోంది, చొంగ కారుతోంది. గొంతు కూడా మారింది, అరిస్తే బొంగురుగా వస్తోంది. కిష్టప్ప చూసి, "బొక్క ఇరికింది అమ్మా, మొన్న కోడి బొక్క ఏసిన్రు గద" అన్నాడు.

నాయన కొడంగల్ సంతకు పోయాడు. ఆయన వచ్చేదాకా చూద్దామనుకున్నాను కాని, అది నీళ్ల గిన్నెలో మూతి పెట్టి, తాగలేక, నా వైపు చూసింది. నిన్న సాయంత్రం కిష్టప్పను దాన్ని పట్టుకోమని, నేనే నోట్లో చేయి పెట్టి వెతికాను. గొంతు దాకా పోనిచ్చాను. ఎముక దొరకలేదు. కరవలేదు పాపం. చేయి తీసేటప్పుడు పన్ను గీసుకుని రెండు వేళ్ల మీద కొంచెం చీరింది, అంతే. పసుపు పెట్టాను.

వేరే కుక్కయితే నాకు అంత ధైర్యం ఉండేది కాదు. నీ కాగితం ఉంది కనుక పెట్టాను.

ఎముక లోపలికి జారి ఉంటే ఏం చేయాలో మీ నాయనను అడిగి వెంటనే రాయి.

మనోరమ

*

(తంతి)
వికారాబాదు
20 అక్టోబరు 1955

ఎముక కాదు. వెంటనే దవాఖానకు వెళ్లు. సూదులు తీసుకో. ఒక్క రోజు ఆగకు. లూదియ.

*

తాండూరు
21 అక్టోబరు 1955

లూదియకు,

కామా నిన్న తెల్లవారుజామున పోయింది. కిష్టప్ప దాన్ని నాపరాళ్ల గనుల అవతల లోతుగా పూడ్చి వచ్చాడు.

మధ్యాహ్నం నీ తంతి వచ్చింది. తంతి అంటే ఎవరో పోయారని అమ్మ ఏడ్చింది. పోస్టాఫీసాయన చదివి చెప్పాడు. నాయన నా చేయి పట్టుకుని వేళ్లు చూశాడు. ఈ రోజు పొద్దున ఇక్కడి దవాఖానకు తీసుకుపోయాడు.

నేను ఆ కాగితం వెంట తీసుకుపోయాను. సూదులు అక్కరలేదని డాక్టరు గారికి చూపించడానికే తీసుకుపోయాను.

డాక్టరు జనార్దన్ గారు పెద్దాయన. కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"ఇందుల సూది ఏసినట్టు యాడుందమ్మా?" అన్నారు.

ఆయన వేలు పెట్టి, ఒక్కొక్క మాట పైకి చదివారు: "కుత్తే కా బచ్చా లాయా గయా. దవా నహీ హై. పంద్రా రోజ్ బాద్ ఫిర్ లానా." నాయన కోసం తెలుగులో చెప్పారు: "కుక్కపిల్లను తెచ్చిన్రు. మందు లేదు. పదిహేను దినాలకు మల్ల తేవాలె. గిదే ఉన్నది. కింద సంతకం, మొహరు."

"ఎవరు చదివిపెట్టిన్రు నీకు?"

"నా స్నేహితురాలు."

"ఆమెకు ఉర్దూ రాదా?"

"బాగా వచ్చు."

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పడాలన్నారు. ఆ మందు ఇక్కడ లేదు. రేపు పొద్దుటి బండికి పోతున్నాం.

నాయన బయటికి వచ్చి దవాఖాన మెట్టు మీద కూర్చున్నాడు. "యాలాల్ల మీ అత్త పిలగాన్ని నులక తాడుతోని నేనే కట్టేసిన బిడ్డా. నా చేతులతోని" అన్నాడు. అంతే.

కాగితం మూడు నెలలు నా పెట్టెలో ఉంది. అది ఒక్క రోజు కూడా అబద్ధం చెప్పలేదు.

నీకు ఒకే ప్రశ్న. ఆ రోజు సూది వేయలేదు. మరి కామా ఎందుకు అరిచింది?

మనోరమ

*

వికారాబాదు
23 అక్టోబరు 1955

మనోరమా,

అడిగావు కనుక చెబుతాను. దాని చెవి గిల్లాను. బయట ఉన్న కిష్టప్పకు వినబడాలని.

ఇంకా ఉంది. అంతా రాస్తాను.

ఏడో తారీకు పొద్దున మందు వచ్చింది, రెండు కుక్కలకు సరిపోయేంత. ఒకటి కామాది. నేను చెప్పిన ఆఫీసరు గారి భార్య తన రెండు కుక్కలతో జీపులో వచ్చింది. అంతకు ముందు రోజే నా దరఖాస్తు ఆమె చేతిలో పెట్టి వచ్చాను. నాయన, "ఒక్కటే ఉన్నది అమ్మగారూ, ఇంకోటి తాండూరోళ్లది" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను, "తాండూరు వాళ్లు ఈ నెల రావడం లేదట నాయనా" అన్నాను. నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. ఆమె రెండు కుక్కలకూ సూదులు పడ్డాయి.

గంట కాకముందే కిష్టప్ప బుట్టతో దిగాడు. నాయన తల పట్టుకున్నాడు. "రారంటివి గద బిడ్డా?" అన్నాడు. "తారీకు తప్పు చదివాను" అన్నాను. ఆయన ఆ కాగితం రాసి, మొహరు వేసి, నా చేతిలో పెట్టాడు. "పదిహేను దినాలకు తెప్పిస్త, తప్పకుంట రమ్మని మంచిగ సమజాయించు" అని, పక్క ఊరికి పశువులను చూడటానికి పోయాడు.

నేను కామాను లోపలికి తీసుకుపోయాను. కిష్టప్పకు నిజం చెబుదామనే పోయాను. కాని నువ్వు రాసింది గుర్తొచ్చింది, సూది పడకపోతే దాన్ని మీ నాయన ఇంట్లో ఉంచడని. సూది లేకుండా పంపితే నువ్వు ఏడుస్తావు. ఎందుకు లేదో అడుగుతావు. అప్పుడు జీపు సంగతి చెప్పాలి. పదిహేను రోజుల్లో ఎట్లాగైనా మళ్లీ రప్పించి వేయిస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. జూలైలో రెండో సూది అని రాసింది అందుకే. కాగితం అడిగింది అందుకే. నువ్వు రెండూ కాదన్నావు.

ఆ పిచ్చికుక్క సంగతి చదివిన రోజు చెప్పాల్సింది. 'టీకా పట్టదు' అని రాశాను కాని 'టీకా వేయలేదు' అని రాయలేకపోయాను. ఒక్క మాట తేడా. కాగితం ముందు సాయంత్రం దాకా కూర్చున్నాను. రాలేదు.

నీకు ఉర్దూ రాదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే చేశాను. ఇది రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు.

సగం నీ కోసమే చేశాను మనోరమా. మిగతా సగానికి నా దగ్గర మాట లేదు.

సూదులకు హైదరాబాదే పోయి ఉంటారు. ఇక్కడికే వస్తే నా దగ్గరికి రాకుండా ఉంటావా? ఇక్కడికి వస్తే మా ఇంట్లోనే ఉండు. పద్నాలుగు రోజులూ నేను నీ పక్కన ఉంటాను. నాయనకు ఏమీ తెలియదు. ఆయనకు చెప్పకు. తెలిస్తే నా సీటు మాట అటుంచు, నా మొహం చూడడు.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

లూదియ

*

వికారాబాదు
4 నవంబరు 1955

లూదియకు,

పైన ఊరి పేరు సరిగానే రాశాను.

నీ ఉత్తరం తాండూరు పోయి, కిష్టప్ప చేతిలో తిరిగి ఈ ఊరికే వచ్చింది. అప్పటికి నాకు ఆరో సూది పడింది. ఈ రోజు పద్నాలుగోది. అమ్మ తరఫు చుట్టం రామమ్మ పిన్ని ఇంట్లో ఉంటున్నాం. మీ ఇంటికి రెండు వీధులు. రోజూ పొద్దున మీ దవాఖాన ముందు నుంచే పోతాం. నిన్ను రెండుసార్లు చూశాను. ఒకసారి బావి దగ్గర, ఒకసారి సీతాఫలాలు బేరమాడుతూ. జుట్టు ఎప్పటిలాగే ఉంది.

రాకుండా ఉంటావా అని అడిగావు. ఉన్నాను.

కడుపు రాయిలాగా ఉంది. పక్కకు తిరగలేను. డాక్టరు భయం లేదంటున్నారు, నాయన నమ్మడు. రోజుకు మూడుసార్లు గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, తాగేదాకా చూస్తాడు. నేను తాగి ఖాళీ గ్లాసు ఇస్తే, లోపలికి పోయి ముక్కు చీదుకుంటాడు. ఇంకా రెండు నెలలు ఇట్లాగే చూస్తాడట.

మీ నాయనను కలిశాను. తొమ్మిదో రోజు దవాఖాన గేటు దగ్గర ఆయనే నన్ను గుర్తుపట్టాడు. "నువ్వు మనోరమవు గద బిడ్డా? కుక్కపిల్లను మల్ల తోలియ్యకపోతివి. నీ పేరు మీద మందు తెప్పిచ్చి, మంచుల పెట్టి, నాలుగు దినాలు చూసిన. మంచు కరిగె, పారబోసిన" అన్నాడు. "లూదియతోని జాబు రాపిచ్చిన గద, అందలేదా?" అని కూడా అడిగాడు.

నాయన నా వెనకనే ఉన్నాడు. మీ నాయన చెప్పులు పేడతో ఉన్నాయి. చేతిలో గొర్రెపిల్ల ఉంది.

"అందింది. చేల పనుల్లో పడి పంపలేకపోయాం" అన్నాను.

"అయ్యో, ఎట్లున్నది మరి?" అన్నాడు.

"బాగుంది" అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నువ్వు రాశావు. నిజమే. నీ కోసం ఆడలేదు. ఆ ముసలాయన రాసిన ఒక్క కాగితంలోనే నాకు నిజం దొరికింది. ఆయన మొహం పాడుచేయడానికి మనసు రాలేదు. నువ్వు చెప్పుకుంటే చెప్పుకో. లేకపోతే రోజూ ఆయనకు అన్నం వడ్డిస్తూ చెప్పకుండా ఉండు.

సగం నా కోసం చేశానన్నావు. ఆ సగమే నాకు మింగుడుపడటం లేదు. సీటు కోసం అని ఊరుకుంటే, ఎవరైనా చేసే పనే అనుకునేదాన్ని. నన్ను ఏడిపించకూడదని కామా చెవి గిల్లావు. మూడు నెలలు అది నా చేయి తప్పించుకుంది. నేను దాన్ని, "అంత పిరికిదానివేమే" అని కోప్పడ్డాను.

పిన్ని మామగారు హన్మయ్య తాత తహసీలు కచ్చేరీలో గుమాస్తాగా చేసి దిగిపోయాడు. ఈ పద్నాలుగు రోజులు మధ్యాహ్నం ఆయన దగ్గర ఉర్దూ అక్షరాలు, అలిఫ్, బే దిద్దుతున్నాను. కాన్వెంటులో చదివి ఈ వయసులో పలక పట్టిందని పిన్ని నవ్వుతుంది. అక్షరాలు కలిసిపోతే తెలియడం లేదు. చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోతున్నాను.

నిన్న కాగితం తీశాను. తాతను పక్కన ఉండమని, పలకవద్దన్నాను. మొదటి వరుసకు చాలాసేపు పట్టింది. దాల్, వావ్, అలిఫ్. దవా. తర్వాతిది నహీ. తర్వాతిది హై.

కాగితం నీకు పంపను. నా దగ్గరే ఉంటుంది. నువ్వు జనవరిలో చేరు. మంచి నర్సువే అవుతావు. తంతి కొట్టింది నువ్వే, అది నేను మరచిపోను. దాని వల్లనే ఈ ఉత్తరం రాయగలిగాను. ఇదే ఆఖరుది.

సాయంత్రం బండికి పోతున్నాం. స్టేషనులో బోర్డులు మూడు భాషల్లో ఉన్నాయి. మూడూ నేనే చదువుకుంటాను.

మనోరమ